గ్లాసు నీళ్ళు కొవ్వా, కండా? బాడీ కంపోజిషన్ పరీక్షకు మనిషిని సిద్ధం చేయడంపై ఒక సమీక్ష

అరవై కిలోల మనిషి ఒంట్లో ఐదో వంతు, అంటే 12 కిలోలు, కొవ్వు ఉందనుకుందాం. పరీక్షకు ముందు ఆ మనిషి అర లీటరు నీళ్ళు తాగాడు. చేతికీ కాలికీ అట్టలంటించి సన్నటి కరెంటు పంపే యంత్రం, అంటే బి.ఐ.ఏ., ఆ నీటిని పెద్దగా పసిగట్టలేదు. నీళ్ళింకా పొట్టలోనే ఉన్నాయి. ఆ యంత్రం లెక్కలో మొండేనికి ఉన్న వాటా చాలా తక్కువ, కరెంటుకు అడ్డుపడేదంతా దాదాపు చేతులూ కాళ్ళే. తూకం మాత్రం అర కిలో పెరిగింది. పెరిగిన బరువు నీరని తెలియక యంత్రం దాన్ని కొవ్వు ఖాతాలో వేస్తుంది, 20 శాతం కాస్తా 20.7 దాకా పోతుంది. అదే మనిషిని ఎక్స్‌రేతో కొలిచే డెక్సా బల్ల మీద పడుకోబెడితే ఆ అర లీటరు కండతో కలిసి కొవ్వు కాని భాగంలో చేరిపోతుంది. తాగిన నీళ్ళు ఒక్కటే, రెండు యంత్రాలు రెండు పేర్లు పెట్టాయి. రెండూ తమకు నేర్పిన లెక్క ప్రకారమే నడిచాయి. ఆ మనిషిని ఎలా తయారుచేసి పంపారన్న సంగతి మాత్రం రెండింటికీ ఎవరూ చెప్పలేదు.

ఆ తయారీ నర్సు చేతిలో ఉంటుంది. ఎన్ని గంటలు కడుపు ఖాళీగా ఉంచాలి, ఎంతసేపు పడుకోబెట్టి ఆగాలి, ఏ పక్క కొలవాలి, అరచెయ్యి కిందికా పక్కకా, ఒంటి మీది లోహం ఏది తీయించాలి అన్న ప్రశ్నల మీద నాలుగు దశాబ్దాలుగా నియమాలు పుడుతూనే ఉన్నాయి. అవి ఒకదానితో ఒకటి పూర్తిగా పొసగవు. ఈ వాదాలన్నీ తిరగేసి చూస్తే తేలేది ఒకటుంది: నియమం ఎంత కఠినమైనదన్న దానికంటే, మొదటిసారి ఎలా కొలిచారో రెండోసారీ అలాగే కొలిచారా, తప్పిన నియమాన్ని కాగితం మీద రాశారా అన్నదే ఫలితం విలువను ఎక్కువగా నిర్ణయిస్తుంది. ఈ మాటకు ఎదురయ్యే అభ్యంతరాలు చిన్నవి కావు కనుక చర్చ ఎక్కడ మొదలైందో ముందు చూడాలి.

నీటి తొట్టె నుంచి మంచం దాకా

1942లో అమెరికా నౌకాదళ వైద్యుడు ఆల్బర్ట్ బెన్కీ, తన సహచరుడితో కలిసి వృత్తి ఫుట్‌బాల్ ఆటగాళ్ళను నీళ్ళలో ముంచి తూచాడు. ఎత్తు-బరువు పట్టికల ప్రకారం వాళ్ళలో చాలామంది సైన్యానికి పనికిరానంత లావు. నీళ్ళలో తూచితే ఆ బరువు కండదని తేలింది. కొవ్వు సాంద్రత సుమారు 0.9, కొవ్వు కాని భాగానిది 1.1 అన్న లెక్కతో 1961లో విలియం సిరి ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది. ఆ పరీక్షకు తయారీ అంటే ఊపిరంతా బయటికి వదిలి, నీళ్ళలో మునిగి, కదలకుండా కూర్చోవడం. ఆరోగ్యవంతుడైన నావికుడు అది చేయగలడు, ఆయాసంతో ఉన్న గుండె రోగి చేయలేడు. 1974లో డర్నిన్, వోమర్స్లీ 481 మంది మీద చేసిన పనితో చర్మపు మడతను క్యాలిపర్‌తో కొలిచే పద్ధతి స్థిరపడింది. 1980లలో బి.ఐ.ఏ. యంత్రాలు మార్కెట్‌కు వచ్చాయి, ఆ దశాబ్దం చివర్లో డెక్సా వచ్చింది. 1990ల నడుమ గాలి ఒత్తిడితో శరీర ఘనపరిమాణం కొలిచే బాడ్ పాడ్ గది వచ్చింది.

ఈ క్రమంలో పరీక్ష ప్రయోగశాల వదిలి వార్డులోకి నడిచింది. చిక్కుకు మూలం అక్కడే ఉంది. నియమాలు రాసింది ఆరోగ్యవంతులను కొలిచిన పరిశోధకులు. వాటిని పాటించాల్సి వచ్చింది డ్రిప్ నడుస్తున్న, కాళ్ళు వాచిన, వెల్లకిలా పడుకోలేని మనుషులతో పనిచేసే నర్సులకు. 1994 డిసెంబరులో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ బి.ఐ.ఏ. మీద జరిపిన సదస్సు కొలిచే తీరుకు ఒక ప్రమాణం కావాలంది. 2004లో ఐరోపా క్లినికల్ పోషణ సంఘం ఎస్పెన్ వివరమైన సూచనలిచ్చింది. డెక్సాకు ఎముకల సాంద్రత కొలతల అంతర్జాతీయ సంఘం ఐ.ఎస్.సి.డి. 2013లో నియమాల పట్టిక ఇచ్చింది. మూడింటిలోనూ దాదాపు ఒకే కోరిక ఉన్నా, ఆ కోరిక తీరని రోగి విషయంలో ఏం చేయాలన్నది మూడింటిలోనూ పలచగానే ఉంది.

ఉపవాసం మీద మూడు వాదాలు

మొదటి వాదం కట్టుదిట్టం కోరుతుంది. రాత్రి నుంచి ఏమీ తినకూడదు, ఎనిమిది గంటల ముందు నుంచి మద్యం, కసరత్తు కూడదు, పరీక్షకు ముందు మూత్రానికి వెళ్ళి రావాలి. దీని వెనుక గట్టి సాక్ష్యం ఉంది. ఆస్ట్రేలియాలో నానా, ఆమె సహచరులు 2012లో చురుగ్గా కసరత్తు చేసేవారితో చేసిన పనిలో భోజనం, నీళ్ళు, మామూలు రోజువారీ కదలికలు సైతం డెక్సా అంకెలను కదిలించాయి. నీళ్ళూ తిండీ కండగా లెక్కకొస్తాయి కనుక ఇది ఊహించదగినదే. కసరత్తు తర్వాత చర్మానికి రక్తప్రసరణ పెరిగి, చెమటతో నీరు పోయి, ఒళ్ళు వేడెక్కి బి.ఐ.ఏ. అంకె కూడా మారుతుంది. చెమట పట్టిన వేళ చర్మపు మడత కొలవొద్దని క్యాలిపర్ పట్టేవాళ్ళు చెప్పడానికీ కారణం ఇదే.

రెండో వాదం ఉన్న స్థితిలోనే, ఒకే తీరుగా కొలవమంటుంది. ఇన్సులిన్ మీద ఉన్నవారిని రాత్రి నుంచి మధ్యాహ్నం ఓ.పీ. దాకా పస్తుంచితే షుగర్ పడిపోయే ప్రమాదం నిజమైనది. ముసలివాళ్ళు నీళ్ళు కూడా మానేసి వస్తే ఒంట్లో నీరు తగ్గి, బి.ఐ.ఏ.లో కండ తక్కువగా, కొవ్వు ఎక్కువగా కనబడుతుంది. తప్పు తప్పించబోయి ఇంకో తప్పు తెచ్చుకున్నట్టే. కనుక ఈ వాదం వారు ఎనిమిది గంటల కంటే తక్కువ ఖాళీ కడుపుతో సరిపెట్టుకుంటారు. ప్రతిసారీ అదే వేళకు, అదే తిండి తర్వాత, అదే యంత్రం మీద కొలవమంటారు.

మూడో వాదం అసలు కొవ్వు శాతం లెక్కే వదిలేయమంటుంది. 1994లో ఇటలీలో పిక్కోలి ప్రతిపాదించిన వెక్టర్ పద్ధతి, ఫేజ్ యాంగిల్ అనే కొలత యంత్రం ఇచ్చిన ముడి అంకెలనే చదువుతాయి. కొవ్వు కాని భాగంలో 73 శాతం నీరుంటుందన్న ఊహ మీద అవి ఆధారపడవు. నీరు పట్టిన రోగిలో ఆ ఊహ ఎలాగూ నిలవదు కనుక ఈ వాదానికి బలం ఉంది. కానీ దీంతో తయారీ బెడద తీరుతుందనుకోవడం పొరపాటు. అట్టలు సెంటీమీటరు పక్కకు జరిగినా, కాళ్ళు ఒకదానికొకటి తగిలినా ముందు మారేది ఆ ముడి అంకెలే.

మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే గొడవ పడుతున్నది వేర్వేరు ప్రశ్నల మీద అని అర్థమవుతుంది. మొదటి వాదం ఒక్కసారి కొలిచి, ఈ మనిషికి కండ తక్కువా కాదా అని తేల్చాల్సినప్పుడు సరైనది. ఆ అంకెను బయటి ప్రమాణంతో పోల్చాలి, ఆ ప్రమాణం పస్తుతో కొలిచిన మనుషుల నుంచి వచ్చింది. రెండో వాదం అదే మనిషిని మూడు నెలలకోసారి చూస్తున్నప్పుడు సరైనది, ఎందుకంటే అక్కడ తేడా కావాలి కానీ అసలు అంకె అంత ముఖ్యం కాదు. మూడోది నీరు పట్టినవారికి సరైనది. ఏ ప్రశ్న కోసం కొలుస్తున్నామో రిక్వెస్ట్ ఫారం మీద రాసి ఉండని చోట నర్సు ఏ నియమాన్ని పాటించినా అది గుడ్డిగా పాటించడమే అవుతుంది.

తేడా ఎంతుంటే నమ్మాలన్న దానికి డెక్సా వారి దగ్గర ఒక చక్కటి పద్ధతి ఉంది. కొలిచేవారు 15 మందిని మూడేసి సార్లు గానీ, 30 మందిని రెండేసి సార్లు గానీ కొలవాలి. ప్రతిసారీ మనిషి బల్ల దిగి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ సర్దుకుని పడుకోవాలి. ఆ కొలతల మధ్య వచ్చే ఊగిసలాటను 2.77తో హెచ్చిస్తే, అంతకు మించిన మార్పునే నిజమైన మార్పుగా చెప్పవచ్చు. మొత్తం కొవ్వు కొలతలో ఊగిసలాట 3 శాతం మించకూడదని ఐ.ఎస్.సి.డి. గీత గీసింది. ఆ గీత మీదే ఉన్నచోట 20 కిలోల కొవ్వున్న మనిషికి 1.7 కిలోల లోపు తగ్గుదలను తగ్గుదల అనడానికి వీల్లేదు. బల్ల దించి మళ్ళీ ఎక్కించమనడంలోనే అసలు విషయం ఉంది. యంత్రపు నిలకడతో పాటు దాని మీద మనిషిని పడుకోబెట్టిన చేతి నిలకడకూ అది పరీక్ష.

పడుకోబెట్టే తీరు

బి.ఐ.ఏ.కు మనిషిని వెల్లకిలా, కరెంటు పారని పరుపు మీద పడుకోబెట్టాలి. చేతులు మొండేనికి సుమారు 30 డిగ్రీలు దూరంగా, కాళ్ళు ఒకదానికొకటి 45 డిగ్రీల ఎడంగా ఉండాలి. తొడలు తగిలితే, చెయ్యి నడుముకు ఆనితే, కరెంటు అడ్డదారి వెతుక్కుంటుంది. దారి పొట్టిదైతే అడ్డు తగ్గుతుంది, అడ్డు తగ్గితే యంత్రం నీరు ఎక్కువని, కొవ్వు తక్కువని చెబుతుంది. అంటే స్థూలకాయులలో, పరీక్ష ఎక్కువగా అవసరమైనవారిలోనే, సరిగ్గా పడుకోబెట్టకపోతే కొవ్వు తక్కువ కనిపిస్తుంది. దీనికి ఖరీదైన ఉపాయం అక్కర్లేదు. పొడి తువాలును మడిచి తొడల మధ్యా, చంకకూ పక్కటెముకలకూ మధ్యా పెడితే చాలు. ఇనుప మంచాల వార్డుల్లో చెయ్యి గానీ కాలు గానీ పక్క కమ్మీకి తగలకుండా చూడటం కూడా ఇందులో భాగమే.

అట్టల దగ్గర ఇంకాస్త ఆగాలి. మణికట్టు మీద రెండు ఎముకల బుడిపెల మధ్య ఒకటి, వేళ్ళ మొదళ్ళకు పైన ఒకటి. చీలమండ దగ్గరా, పాదం మీదా అలాగే రెండు. రెండిటికీ మధ్య కనీసం ఐదు సెంటీమీటర్లు ఎడం ఉండాలి. చిన్న చేతులున్న ఆడవాళ్ళలో, పిల్లల్లో ఆ ఐదు సెంటీమీటర్లు దొరకవు. అప్పుడు మణికట్టు వైపు అట్టను మోచేతి వైపు జరుపుతారు. జరిపితే ఎంత జరిపామో రాయాలి, లేకపోతే వచ్చేసారి ఇంకొకరు ఇంకో చోట అంటిస్తారు. అంటించే ముందు చర్మాన్ని స్పిరిట్‌తో తుడవాలి. కొబ్బరి నూనె, లోషన్, పాదాల పసుపు ఏవి ఉన్నా అట్ట సరిగా అంటదు.

పడుకున్నాక ఎంతసేపు ఆగాలన్నది నిజంగా చిక్కు ప్రశ్న. నిలబడి ఉన్నప్పుడు కాళ్ళలో చేరిన నీరు పడుకోగానే మొండెం వైపు మళ్ళుతుంది. కాళ్ళు లెక్కలో పెద్ద వాటాదారులు కనుక అడ్డు పెరుగుతూ పోతుంది, నీరు తగ్గినట్టూ కొవ్వు పెరిగినట్టూ కనిపిస్తుంది. మొదటి పది నిమిషాల్లో మార్పు వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది గానీ గంట దాటినా పూర్తిగా ఆగదు. అందుకే ఐదు నుంచి పది నిమిషాలన్న వాడుక నియమం ఒక రాజీ. పొద్దుటి నుంచి మంచం మీదున్న రోగినీ, బస్టాండు నుంచి నడిచొచ్చిన మనిషినీ అదే పది నిమిషాలకు కొలిస్తే ఆ ఇద్దరి అంకెలూ ఒక స్థితివి కావు. నిలబడి కొలిచే యంత్రాలు ఈ ప్రశ్నను తప్పించినట్టు కనిపిస్తాయి. నిజానికి కాసేపు కదలకుండా నిలబడమని అవీ అడుగుతాయి, కాబట్టి ప్రశ్న రూపం మార్చుకుంది, అంతే. పడుకుని కొలిచిన అంకెనూ నిలబడి కొలిచిన అంకెనూ ఒకే కేస్ షీటులో ఒకదాని కింద ఒకటి రాయడం మాత్రం ఏ వాదం ప్రకారమూ చెల్లదు.

ఎత్తు విషయం చాలామంది పట్టించుకోరు. బి.ఐ.ఏ. సూత్రాల్లో ఎత్తు వర్గం అవుతుంది, కనుక ఎత్తులో ఒక శాతం తప్పు నీటి లెక్కలో దాదాపు రెండు శాతం అవుతుంది. నడుం వంగిన పెద్దావిడను అడిగితే ఆమె యౌవనంలోని ఎత్తు చెబుతుంది. నిలబడగలిగితే గోడకు ఆనించి కొలవాలి, లేకపోతే మోకాలి ఎత్తు నుంచి లెక్కకట్టాలి.

డెక్సా బల్ల మీద వాదం చేతుల గురించి. అమెరికా జాతీయ సర్వే ఎన్‌హేన్స్ పద్ధతిలో అరచేతులు కిందికి, మొండేనికి తగలకుండా, చీలమండలు కలిపి కట్టి, గడ్డం తటస్థంగా ఉంటుంది. వీలైనంతవరకు ఇదే పాటించమని ఐ.ఎస్.సి.డి. మాట. నానా బృందం చేతులకూ పాదాలకూ స్పాంజి దిమ్మెలు పెట్టి కదలకుండా నిలిపే పద్ధతి తెచ్చింది. దాంతో రెండు కొలతల మధ్య సర్దుబాటు బాగా కుదురుతుంది, కానీ అరచెయ్యి నిలువుగా నిలుస్తుంది కనుక చేతి లెక్క ఎన్‌హేన్స్ లెక్కతో సరిపోదు. విశాలమైన శరీరాలకు బల్ల వెడల్పు చాలనప్పుడు రెండు ప్రత్యామ్నాయాలున్నాయి: చేతిని బొటనవేలు పైకి ఉండేలా తొడ పక్కకు చేర్చడం, లేదా ఒక పక్కనే పూర్తిగా స్కాన్ చేసి రెండింతలు చేయడం. రెండూ ఆమోదయోగ్యమే. ఒకే మనిషికి ఒకసారి అదీ ఒకసారి ఇదీ చేస్తే మాత్రం ఆ పోలిక చెల్లదు.

బాడ్ పాడ్ గురించి క్లుప్తంగా: ఒంటికి అంటుకునే ఈత దుస్తులు, తలకు టోపీ తప్పవు. వదులు బట్టల్లో, జుట్టులో చిక్కిన గాలి శరీరాన్ని ఉన్నదానికంటే చిన్నదిగా చూపి కొవ్వును తగ్గిస్తుంది. ఒత్తయిన జడను టోపీలోకి నొక్కిపెట్టడం, ఆడవాళ్ళకు తెర, ఆడ నర్సు ఏర్పాటు చేయడం మన దగ్గర ఈ పరీక్షకు తొలి షరతులు.

తాళి, పట్టీలు, మొలతాడు

మన ఆస్పత్రుల్లో తయారీ చర్చ ఎక్కువగా ఆగేది ఇక్కడ, పాఠ్యపుస్తకాలు తక్కువగా చెప్పేదీ ఇక్కడే. లోహం తీయమనడం వెనుక రెండు వేర్వేరు కారణాలున్నాయి, వాటిని కలిపేయడం వల్ల అనవసరపు బాధ కలుగుతోంది. డెక్సాలో లోహం ఎక్స్‌రేను ఆపేస్తుంది, యంత్రం దాన్ని ఎముకగా లెక్కవేసి పక్కనున్న మెత్తటి భాగం లెక్కను కూడా చెడగొడుతుంది. కనుక పుస్తెలు, నల్లపూసల గొలుసు, గాజులు, మెట్టెలు, వెండి మొలతాడు, జాకెట్టు హుక్కులు, చీర పిన్నులు, జరీ అంచు అన్నీ అడ్డే, అన్నీ తీయాల్సినవే. బి.ఐ.ఏ.లో కరెంటు ఒంట్లోని నీటి గుండా పోతుంది. ఛాతీ మీద చర్మానికి పైన ఉన్న తాళి దాని దారిలో లేదు. అట్టలు అంటించే మణికట్టు దగ్గరి గాజులను పైకి జరిపి, చీలమండ పట్టీని తీస్తే ఆ పరీక్షకు సరిపోతుంది. కారణం లేకుండా తాళి తీయమంటే పరీక్ష ఏమీ మెరుగుపడదు, ఆ స్త్రీకి నర్సు మీద నమ్మకం మాత్రం పోతుంది.

డెక్సాకు తీయక తప్పనప్పుడు ముందు రోజే చెప్పడం మేలు. ఇంట్లో మాట్లాడుకుని, పుస్తెలు తీసి పసుపుతాడు కట్టుకుని వచ్చే వ్యవధి దొరుకుతుంది. అప్పటికప్పుడు బల్ల పక్కన అడిగితే చాలామంది వద్దంటారు. ఏళ్ళ తరబడి బిగుసుకున్న ఉంగరం, రాని మెట్టె ఉంటే దాన్ని వదిలేసి, స్కానులో ఎక్కడుందో రాసి, వచ్చేసారి కూడా అక్కడే ఉంచి పోల్చాలి. తుంటి కీలు మార్చిన లోహాన్ని ఎవరూ తీయలేరు కదా, ఇదీ అంతే.

మూడు అభ్యంతరాలు

ఇప్పటి యంత్రాలు అన్నీ సరిదిద్దుకుంటాయి, నర్సుకు ఇంత శ్రమ ఎందుకు అన్నది మొదటిది. యంత్రం తనకు ఇచ్చిన వయసు, లింగం, ఎత్తు, బరువుతో సరిదిద్దుకుంటుంది. మంచం దిగి ఎన్ని నిమిషాలైందో దానికి ఎవరూ ఇవ్వలేదు. రెండోది, వేల మందిని కొలిచే సర్వేల్లో ఇలాంటి తప్పులు ఒకదానికొకటి చెల్లిపోతాయన్నది. అటూ ఇటూ పడే తప్పులు చెల్లిపోతాయి, ఒకే వైపు పడేవి చెల్లవు. ఒక ఊళ్ళో పొద్దున్నే పస్తుతో, ఇంకో ఊళ్ళో భోజనాల తర్వాత కొలిస్తే ఆ తేడా రెండు ఊళ్ళ తేడాగా అచ్చవుతుంది. హైదరాబాద్ చుట్టుపక్కల 29 గ్రామాల్లో 1980ల చివర్లో జరిగిన పోషణ ప్రయోగంలోని పిల్లలను పెద్దయ్యాక మళ్ళీ పరిశీలించిన ఆప్‌క్యాప్స్ అధ్యయనంలో డెక్సా కూడా వాడారు. అలాంటి దీర్ఘకాలపు పనికి ఏళ్ళ తర్వాత కూడా అదే పద్ధతిలో పడుకోబెట్టడం ప్రాణం.

మూడోది అన్నిటికంటే బరువైనది: అరవై మంచాలున్న వార్డులో ఇద్దరు నర్సులున్నప్పుడు తువాళ్ళు మడవడానికి, నిమిషాలు లెక్కపెట్టడానికి తీరిక ఎక్కడిది? దీనికి నియమాలు పెంచడం జవాబు కాదు. పరీక్షల సంఖ్య తగ్గించి, చేసినవి లెక్కకొచ్చేలా చేయడమే జవాబు. తయారీ లేకుండా చేసిన పది పరీక్షల అంకెలు దేనితోనూ పోల్చడానికి పనికిరావు, వాటికి పట్టిన సమయం తిరిగిరాదు. రాయాల్సింది కూడా ఒక గీతలో సరిపోతుంది: చివరిగా తిన్న వేళ, మూత్రానికి వెళ్ళిందీ లేనిదీ, పడుకున్న నిమిషాలు, కొలిచిన పక్క, డ్రిప్, వాపు, తీయని లోహం.

మన శరీరాలకు ఈ పట్టింపు మరీ అవసరం. 2004లో లాన్సెట్‌లో పుణే వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యుడ్కిన్ తమ ఫొటో వేసుకున్నారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. డెక్సాలో యుడ్కిన్ కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్‌ది 21.2. పైకి సన్నగా, లోపల కొవ్వుగా ఉండే మనలాంటివారిలో కండ తక్కువని తేల్చే గీత దగ్గరే చాలామంది నిలబడతారు. సార్కోపీనియా, అంటే కండ తరుగుదల, మీద పనిచేసే ఆసియా బృందం 2019లో ఆడవాళ్ళ చేతులూ కాళ్ళ కండకు పెట్టిన గీత డెక్సాతో అయితే ఎత్తు వర్గం ప్రకారం చదరపు మీటరుకు 5.4 కిలోలు, బి.ఐ.ఏ.తో అయితే 5.7. ఆ గీతకు ఆనుకుని ఉన్న పెద్దావిడ కండ తక్కువ జాబితాలో చేరుతుందా లేదా అన్నది ఆమెను పది నిమిషాలు పడుకోబెట్టారా, గంట పడుకోబెట్టారా అన్న దాని మీద మారిపోవచ్చు.

ఇంకా తేలనివి

పేస్‌మేకర్ ఉన్నవారికి బి.ఐ.ఏ. వద్దని యంత్రాల తయారీదారులు రాస్తారు. అంత సన్నటి కరెంటు ఆ పరికరాలను కదిలించలేదని ఇటీవలి కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. తయారీదారు మాట మారేదాకా నర్సు ముందు అడగాల్సిన ప్రశ్న అదే, అవునన్నవారిని డాక్టరు రాతపూర్వకంగా చెప్పనిదే కొలవకూడదు. గర్భిణులకు డెక్సా చేయరు, ఎక్స్‌రే మోతాదు చాలా తక్కువైనా సరే.

డయాలసిస్ దగ్గర వాదం ఇంకా వేడిగానే ఉంది. ఒంట్లో ఎంత నీరు పేరుకుందో తెలియాలంటే డయాలసిస్‌కు ముందు కొలవాలి. కండ ఎంత కరుగుతోందో తెలియాలంటే నీరు తీశాక కొలవాలి, అదీ వెంటనే కాకుండా నీరు లోపల సర్దుకునేదాకా అరగంటైనా ఆగి. డయాలసిస్ సూదుల కోసం చేసిన ఫిస్టులా ఉన్న చెయ్యి కాకుండా రెండో పక్క అట్టలు వేయాలన్నదాంట్లో మాత్రం పెద్దగా తగవు లేదు. కిడ్నీ రోగులు ఎక్కువగా ఉన్న ఉద్దానం లాంటి చోట్ల నుంచి వారానికి రెండు మూడుసార్లు దూరాలు పోయి డయాలసిస్ చేయించుకుని, బస్సు వేళకు లేచిపోయే మనిషిని ఇంకో అరగంట ఆగమనడానికి ఏ మార్గదర్శకం దగ్గరా జవాబు లేదు.

అన్నిటికంటే తక్కువ వెలుగు పడింది వెల్లకిలా పడుకోలేనివారి మీద. గుండె నీరసించి, దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చున్నట్టే నిద్రపోయే రోగికి పరుపు చదును చేస్తే నిమిషంలో ఊపిరి అందదు. ప్రమాణాలన్నీ చదును పరుపువి. తల వైపు మంచాన్ని 30 డిగ్రీలు లేపి కొలిస్తే అది ఆ ప్రమాణాలతో పోల్చదగిన అంకె కాదు. కానీ వచ్చే నెల అదే 30 డిగ్రీల మీద, అదే పక్క, అవే నిమిషాలకు కొలిస్తే ఆ మనిషి తన పాత అంకెతో తాను పోల్చుకోవచ్చు. అందుకు కేస్ షీటులో అంకె పక్కన ఆ 30 రాసి ఉండాలి.